శుక్రవారం సరిచేసిన మేకులు

ఏ ఊళ్లో దిగినా నన్ను మొదట అడిగేది ఒకటే. "మేడమ్, నీళ్లు ఎంత లోతులో పడతాయి?" నేను నీళ్ల కోసం రాలేదని చెబుతాను. వాళ్లు నవ్వుతారు. జీపులోంచి తీగచుట్టలు, ఇనుప కడ్డీలు, బ్యాటరీ, మీటరు దించుకునే మనిషి నీళ్ల కోసం కాకపోతే ఇంకెందుకు వస్తుందని వాళ్ల నవ్వు. మిడుతూరు వైపు ఒక పెద్దాయన నేను పని ముగించుకుని సామాను సర్దుకునేదాకా వెంటే తిరిగి, చివరికి "చూపించడం ఇష్టం ల్యాకపోతే ల్యాదని చెప్పు తల్లీ, అబద్దాలు దేనికి" అన్నాడు. ఆయనతో వాదించే ఓపిక నాకు లేదు. వచ్చేస్తూ ఆయన చేలో ఒక మూల వేలు చూపించి వచ్చాను. అక్కడ బోరు వేసుకున్నాడో లేదో ఇప్పటికీ తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు.

మాది నంద్యాల. మా నాయనది నూనె కొట్టు. కొట్టు మీద కూర్చోమంటే కూర్చోకుండా భూమి లోపల ఏముందో చూసే చదువు చదివాను. చదివినన్నాళ్లూ భూమి లోపల ఏదో గొప్ప సంగతి దాగి ఉందనే అనుకున్నాను. ఇన్నేళ్లు ఎండలో తిరిగాక తెలిసింది, మా వైపు లోపల ఉండేది ఎక్కువగా బంకమట్టే. యాభై దాటిన మోకాళ్లతో ఆ బంకమట్టి వెంటే తిరుగుతున్నాను.

పని చెప్పడానికి సులువే. నేలలో కొంత ఎడంగా రెండు కడ్డీలు దిగేసి కరెంటు పంపుతాం. మధ్యలో ఇంకో రెండు కడ్డీలు పెట్టి, ఆ కరెంటుకు నేల ఎంత అడ్డం పడుతోందో మీటరులో చూస్తాం. కడ్డీల మధ్య ఎడం పెంచుకుంటూ పోయేకొద్దీ ఇంకా లోతున ఉన్నదాని సంగతి తెలుస్తుంది. రాయి మొండిగా అడ్డం పడుతుంది. తడిసిన బంకమట్టి ఏ అడ్డూ పెట్టకుండా దారి ఇచ్చేస్తుంది. బోరు పాయింట్లు చూసేవాళ్లూ ఇదే మీటరు వాడతారు. అంకె తగ్గితే వాళ్లకు సంబరం. నాకు మాత్రం ఆ రోజు అన్నం సయించదు.

దీనితోపాటు ఇంకో చాకిరీ ఉంది. నేల మీద ఇనుప పలక పెట్టి పెద్ద సుత్తితో కొట్టి, ఆ అదురు మట్టిలో ఎంత వేగంగా నడుస్తుందో కొలవాలి. గట్టి నేలలో అది చప్పున పోతుంది. బలం లేని మట్టిలో కాళ్లీడ్చుకుంటూ పోతుంది. సుత్తి కొట్టేది మా డ్రైవరన్న. మాట్లాడకుండా ఒక మైలు కూడా బండి నడపలేని మనిషి. సుత్తి ఎత్తినప్పుడు మాత్రం నోరు మూస్తాడు కాబట్టి ఆ కాసేపూ నాకు విశ్రాంతి.

మట్టిలో ఒక రకం ఉంది. కదిలించనంతవరకు గట్టిగా, బుద్ధిగా ఉంటుంది. కదిలిస్తే ఉన్న బలమంతా వదిలేస్తుంది. చలిదేశాల్లో ఒకప్పుడు సముద్రం కింద ఉండి, తర్వాత పైకి తేలి, ఉప్పంతా కడుక్కుపోయిన మట్టి అయితే మరీ ఘోరం, చూస్తుండగానే నీళ్లలాగా పారుతుందట. అది నేను పాఠాల్లో చదివిందే తప్ప కళ్లతో చూసింది కాదు. మా రేగడి కింద అంత దుర్మార్గపు మట్టి లేదు. దాని దూరపు చుట్టం మాత్రం అక్కడక్కడా ఉంది. బూడిదరంగులో, చేతికి సబ్బులా తగులుతుంది. వాగుల ఒడ్లు, కాలవల గట్లు జారినచోట తవ్వి చూస్తే ఇదే బయటపడుతుంది.

అలా ఒక ఒడ్డు జారితేనే నన్ను ఆళ్లగడ్డ దగ్గరి ఆ పల్లెకు పంపారు. అంతకు ముందటి ఏడాది వానలకు వాగు ఒడ్డున ఒక కల్లం కల్లంగా, మీద ఉన్న గడ్డివాముతో సహా, కిందికి దిగిపోయింది. మనుషులెవరికీ ఏమీ కాలేదు. జారినచోటికి కూతవేటు దూరంలో ఒక కొత్త ఇల్లు ఉంది. ఆ ఇంటి కింద ఏముందో చూసి చెప్పాలి, అదీ నాకు అప్పజెప్పిన పని.

ఎండాకాలం చివర్లో పోయాం. ఆళ్లగడ్డ దాటేముందు రోడ్డు పక్కన రాళ్లు చెక్కేవాళ్ల కొట్టాల దగ్గర ఎప్పుడూ ఉండే ఉలి చప్పుడు, ఆ పక్కనే ఉగ్గాని, బజ్జీ తినే హోటలు. డ్రైవరన్న నన్ను అడక్కుండానే అక్కడ బండి ఆపుతాడు. చెక్కుతున్న రాళ్లను చూస్తే నాకు కొంచెం అసూయగా ఉంటుంది. రాయితో పని చేసేవాళ్లకు చేతికింద ఏముందో చూస్తే తెలుస్తుంది.

ఇంటాయన తరతరాలుగా సేద్యం చేసే కుటుంబంవాడు. శనగ, జొన్న, కొంత వరి. ఊరి మధ్యలో ఉన్న ఇల్లు అన్నదమ్ముల పంపకాల్లో చీలికలైపోతే, వాగు పక్కనున్న తన చేలో కొత్తగా కట్టుకున్నాడు. ఆ చోటు ఎంచింది వాస్తు అయ్యవారు. నేల ఈశాన్యానికి పల్లంగా ఉంది, ఆ ఈశాన్యంలోనే వాగునీళ్లు ఉన్నాయి, ఇంతకన్నా మంచి స్థలం ఈ చుట్టుపక్కల దొరకదని అయ్యవారు చెప్పాడట. ఆయన చెప్పిన రెండూ నిజమే. నేల వాగువైపు వాలి ఉంది. దాని కాళ్ల దగ్గర నీళ్లున్నాయి. నాకు వణుకు పుట్టించినవీ ఆ రెండే.

"కొలుసుకో మేడమ్, కానీ బోరుకు ఒక పాయింటు సూపీయాల" అన్నాడు ఆయన.

"అన్నా, నేను వచ్చింది నీళ్లకు కాదు."

"సర్లే, సూసేటప్పుడు అదీ సూడు" అని చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఇంట్లో ఇంకో ఇద్దరున్నారు. ఆయన భార్య, నలభై ఏళ్ల మనిషి, చేతులు ఎప్పుడూ ఏదో ఒక పనిలో ఉండేవి. మంచం దిగలేని అత్త. ఆమెకు గాలి తగలాలని వాగువైపు గదిలోనే మంచం వేశారు. కిటికీలోంచి మా తీగలు చూసి ఆ ముసలామె, "ఏందీ, కరెంటు ఇస్తాండారా?" అని కోడల్ని అడిగింది. "నీళ్లు సూస్తాండారత్తా" అంది కోడలు. నేను దిద్దబోయి మానుకున్నాను.

ఆ రోజంతా కొలిచాం. ఎండిన రేగడిలో కడ్డీలు పట్టుకోకపోతే ఉప్పునీళ్లు పోసి దిగేశాం. రోడ్డు వైపు నుంచి వాగు వైపు జరిగేకొద్దీ అంకె పడిపోతూ వచ్చింది. ఇంటి ఈశాన్యపు మూల దగ్గర నేను మీటరును రెండుసార్లు ఆపి మళ్లీ పెట్టాను, చెడిపోయిందేమోనని. చెడిపోలేదు. సుత్తి దెబ్బలు కూడా అదే మాట చెప్పాయి. నా భుజం మీదుగా మీటరులోకి తొంగిచూస్తున్న ఇంటాయనకు ఇంతకు ముందు బోర్లు చూపించుకున్న అనుభవం ఉంది.

"తక్కువొచ్చింది గదా మేడమ్. నీళ్లే గదా?"

"నీళ్లున్నాయి అన్నా. బంకలో ఉన్నాయి. ఆ బంక నీకు చుక్క కూడా ఇవ్వదు, నీ ఇంటిని నిలబడనీయదు."

"ఉన్నాయి గదా" అన్నాడాయన సంతోషంగా. రెండో సగం ఆయన చెవిన పడలేదు.

కల్లం జారినచోట తెగిన ఒడ్డులోంచి గడ్డపారతో ఒక ముద్ద పెళ్లగించి తెచ్చాను. ఇంటామెకు చూపించాను. బొటనవేలు పెట్టి నొక్కమన్నాను. దిగలేదు. "గట్టిగానే ఉండాది" అంది. ఇప్పుడు పిసకమన్నాను. రొట్టెపిండి పిసికినట్టు అరచేతిలో పెట్టుకుని పిసికింది. కాసేపటికి ఆమె ముఖం మారింది. ఒక్క చుక్క నీళ్లు పోయకుండానే ముద్ద మెత్తబడి వేళ్ల సందుల్లోంచి జారింది.

"ఇదేంది? జొన్నపిండి పిసికేకొద్దీ పట్టు వస్తాది. ఇది ఉన్న పట్టు ఇడుస్తాండాది."

"నీ ఇంటి కింద ఉండేది ఇదేనమ్మా."

చెయ్యి కడుక్కుంటూ ఆమె మొగుడివైపు చూసింది. ఆయన బోరు బండివాళ్లతో ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఆ బండి రాకుండా ఆపడానికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఒడ్డు మీద అంత బరువు బండి అదిరితే ఇంటితోపాటు బండి కూడా వాగులో ఉంటుందని చెబితే, బండివాడు భయపడ్డాడు గాని ఇంటాయన కాదు. చివరికి వానాకాలం పోయాక చూద్దామనుకున్నాడు.

నంద్యాల వచ్చి నివేదిక రాసి ఇచ్చాను. నన్ను పంపిన ఇంజనీరు నాకంటే చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు. నా అంకెలతో గీసిన రంగురంగుల బొమ్మ చూసి చాలాసేపు ఆలోచించాడు. "మేడమ్, మీ మీటరు నిజమే చెబుతుండొచ్చు. కానీ కొత్తగా కట్టుకున్న ఇల్లు ఖాళీ చెయ్యమంటే ఆ మనిషికి నేనేం చూపించాలి? నేల కదులుతోందని కంటికి కనపడాలి కదా" అన్నాడు. ఆయన తప్పేం లేదు. నేల లోపలి జబ్బు నా అంకెల్లో ఉంది. అంకెలు చూసి ఇల్లు వదిలినవాళ్లను నేనూ చూడలేదు.

అందుకని మేకులు పెట్టాం. గోడ దగ్గర నుంచి ఒడ్డు అంచుదాకా వాకిట్లో వరసగా ఇనుప మేకులు, కనపడాలని తలలకు ఎర్రరంగు. కింద మట్టి జారడం మొదలైతే పైన మేకులు వంగుతాయి, వరస తప్పుతాయి. వారం వారం పోయి గుండుదారం వేలాడదీసి చూస్తే చాలు. ఇంతకన్నా సులువైన కొలత లేదు. వంగితే అప్పుడు ఖాళీ చేయిద్దామని ఇంజనీరు మాటిచ్చాడు. ఇంటాయన ఒప్పుకున్నాడు. మరీ ఇంత తొందరగా ఒప్పుకున్నాడేమిటని నేను అనుమానపడి ఉండాల్సింది, కానీ ఆ ఎండలో ఎవరైనా ఊ అంటే చాలనిపించింది.

ప్రతి శనివారం పోయేదాన్ని. నంద్యాలలో మిగతా రోజులకు మిగతా పనులు. తొలకరి పడింది. ఆషాఢమంతా పడింది. శనివారం శనివారం మేకులు నిటారుగా, సైనికుల్లా నిలబడి ఉండేవి. ఒక్కటి కూడా వంగలేదు, ఒక్కటి కూడా వరస తప్పలేదు. తలలకు పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు. అది చూసి నేను ఆశ్చర్యపోలేదు. మా వైపు నేలలో దిగేసిన దేనికైనా ఎవరో ఒకరు పసుపు పూస్తారు. వాకిలి నున్నగా అలికి ఉండేది, దాని మీద చుక్కల ముగ్గు. ఎక్కడా ఒక గీత చీలిక కూడా కనపడేది కాదు.

"సూసినావా మేడమ్" అనేవాడు ఇంటాయన.

ఇంజనీరు కూడా, "మంచిదే కదా మేడమ్, కదలడం లేదు" అన్నాడు. వెక్కిరింపు లేదు అందులో. అదే ఇంకా బాధ. నా మీటరు ఒకమాట చెబుతోంది, నేను స్వయంగా పెట్టిన మేకులు ఇంకోమాట చెబుతున్నాయి. ఇంటికొచ్చి పాత అంకెలు మళ్లీ మళ్లీ లెక్కలు వేశాను. తప్పు దొరకలేదు. తప్పు దొరికితే బాగుండనిపించింది. ఒక కుటుంబం చల్లగా ఉంటే చాలు, నా అంకెలు ఏమైపోతే ఏం. కానీ నిజం చెప్పాలంటే అది పూర్తిగా మనసులోంచి వచ్చిన మాట కాదు. ఇన్నేళ్ల చదువు మేకుల ముందు ఓడిపోతుంటే నాకు ఏడుపొచ్చేది.

శ్రావణంలో ఒకవారం డ్రైవరన్నకు శనివారం చుట్టాలింట్లో పెళ్లి పడింది. "శుక్రవారమే పోయొద్దాం మేడమ్, ముందరి దినం సూస్తే ఏమైపోతాది" అన్నాడు. పొద్దున్నే బయల్దేరాం. నల్లమల మీద మబ్బులు ఇంకా దిగే ఉన్నాయి. ఆ రోజు ఉగ్గాని కోసం కూడా ఆపలేదు, హోటలు ఇంకా తెరవలేదు.

మేము పోయేసరికి ఇంటామె వాకిట్లో ఉంది. తల స్నానం చేసి, కొంగు బిగించుకుని, చేతిలో గుండ్రాయి పట్టుకుని ఒక మేకు తలమీద కొడుతోంది. పక్కన పేడనీళ్ల బకెట్టు, బంకమట్టి ముద్దలు, పసుపు గిన్నె. ఆమె ఇంకా చేరుకోని మేకులన్నీ వాగువైపు వాలి ఉన్నాయి. అంచున ఉన్నది దాదాపు పడుకుని ఉంది.

వంగిన మేకుల పక్కగా ఆమె దగ్గరికి నడిచాను.

"ఏం చేస్తాండావమ్మా?"

"ఏముందక్కా, శుక్రారం గదా. వంగిపోయినాయి, సరిచేస్తాండా." నుదుటి మీద చెమట మోచేత్తో తుడుచుకుంది. "బోరు గుర్తులు గదా ఇవి. నీళ్లు పడేదాకా వంకరగా ఉండకూడదంటారు. ఏం రోగమో ఏమో, ప్రతి వారం వంగుతానే ఉంటాయి. పెరికి, వరసలోకి పెట్టి కొడతాండా. ముగ్గు చుక్కలు పెట్టే చెయ్యి గదా, వరస తప్పదులే."

"ఇవి బోరు గుర్తులని ఎవరు చెప్పినారు నీకు?"

"ఆయనే."

ఇంటాయన అంత తొందరగా ఎందుకు ఒప్పుకున్నాడో అప్పుడు అర్థమైంది. నేను మేకులు దిగేస్తుంటే ఆయన చూసింది వేరే. మేడమ్ పైకి ఒకటి చెప్పినా చేత్తో మాత్రం పాయింట్లు పెట్టిపోయిందని ఆయన నమ్మకం.

"ఆ మట్టి దేనికి?" అని బకెట్టు పక్కనున్న ముద్దలు చూపించాను.

"నెర్రెకు." గోడకు కొంత ఇవతల, వాకిలి ఈ చివర నుంచి ఆ చివరకు వంపు తిరిగిన ఒక చీలిక చూపించింది. సగందాకా పూడ్చింది, మిగతా సగం నల్లగా నోరు తెరిచి ఉంది. "ఎండల్లో రేగడి నెర్రెలిస్తాది, పూడుస్తాం, అలుకుతాం. వానపడితే అయ్యే మూసుకుంటాయి. ఇదేందో గాని ఇంత వానొచ్చినా మూసుకోదు. పూడ్సిపూడ్సి నా నడుము పోతాంది అక్కా. వాకిలి ఇట్లా ఉంటే ఎవురన్నా వస్తే ఏమనుకుంటారు?"

నేను ఆ చీలిక పక్కన చతికిలబడ్డాను. మోకాళ్లు నొప్పిపెట్టినా లేవబుద్ధి కాలేదు. ఇన్నాళ్లూ ఈ నేల ప్రతి వారం అరిచి చెబుతోంది. ఈమె ప్రతి శుక్రవారం దాన్ని మట్టి పెట్టి మూసి, అలికి, ముగ్గు వేసింది. నేను ప్రతి శనివారం వచ్చి ఆ ముగ్గు చూసి పోయాను. ఎవరి మీదా కోపం రాలేదు. ఆమె చేసింది ఆడది ఇల్లు పెట్టుకున్నాక రోజూ చేసేదే. మా అమ్మ చేసేది. నేను కూడా మా వాకిట్లో చీలిక కనపడితే చేసేదాన్నే. బాగా అలసిపోయినట్టు మాత్రం అనిపించింది, ఆమెకూ నాకూ కలిపి.

"రాయి అక్కడ పెట్టి ఇట్లా కూర్చోమ్మా" అన్నాను.

కూర్చుంది. మేకులు ఎందుకు పెట్టానో మొదటి నుంచి చెప్పాను. చెప్పేకొద్దీ ఆమె చూపు మేకుల మీది నుంచి చీలిక మీదికి, అక్కడి నుంచి అత్త మంచం ఉన్న కిటికీ మీదికి పోయింది.

"ఆ పొద్దు పిసికిన మట్టి" అంది. "అదేనా?"

"అదే."

ఇంటాయన చేలోంచి వచ్చేసరికి డ్రైవరన్న ఫోటోలు తీసి ఇంజనీరుకు పంపేశాడు. ఇంజనీరు వెంటనే ఫోన్ చేసి, ఇప్పుడే ఖాళీ చెయ్యమనండి, నేనూ బయల్దేరుతున్నానన్నాడు. ఇంటాయన అదేమీ వినలేదు. "అయ్యోరు పోసిన పునాది ముగ్గు, అయ్యోరు పెట్టిన ముహూర్తం. నువ్వు మేకులు కొట్టక ముందు నా ఇంట్లో నెర్రె ల్యాదు మేడమ్" అన్నాడు. నాకు తిట్టాలనిపించింది. ఇల్లంటే ఆ మనిషికి ఏమిటో తెలుసు కాబట్టి నోరు కట్టేసుకున్నాను. అన్నదమ్ముల మధ్య గోడల్లో నలిగినవాడికి నాలుగు దిక్కులా ఖాళీ ఉన్న సొంత ఇల్లది.

ఆయనతో వాదించడం ఆమె నాకే వదిలేసింది. తను లోపలికి పోయి అత్త పక్కబట్టలు మడిచింది. తర్వాత పాకలోంచి గేదెల్ని విప్పి, రోడ్డు దాటించి, అవతల ఉన్న తమ పాత కొట్టానికి తోలుకుపోయి కట్టేసి వచ్చింది. రోడ్డు అవతల నేల మంచిది. అక్కడ సుత్తి దెబ్బ చప్పున పలికింది, కింద నాపరాయి ఉంది. ఆ సంగతి నేనే ఆమెకు చెప్పాను.

"ఎనుముల్ని యాడికి తోలుకపోయినావ్?" అన్నాడు ఇంటాయన.

"కొట్టంలోకి."

"ముందు ముసలిదాన్ని దించకుండా ఎనుముల్నా?"

"ఇప్పుడు దించుతాండా."

మంచంతో సహా ముసలామెను బయటికి తేవాలి. ఒక కోడు ఆమె పట్టుకుంది, ఒకటి డ్రైవరన్న, ఒకటి నేను. నాలుగోది ఖాళీ. మంచం ఒక పక్కకు ఒరిగింది. ముసలామె "నాయనా" అని కొడుకును పిలిచింది. ఇంటాయన కాసేపు గోడకు ఆనుకునే నిలబడ్డాడు. తర్వాత వచ్చి నాలుగో కోడు పట్టుకున్నాడు. నలుగురం రోడ్డు దాటాం. ఆ సన్నటి ఎముకల మనిషి అంత బరువుంటుందని నేననుకోలేదు.

తల్లిని కొట్టంలో దింపి ఇంటాయన మళ్లీ కొత్తింటికే పోయాడు. ఎవరు పిలిచినా రాలేదు. ఇంజనీరు వచ్చి, చీలిక చూసి, నోటీసు ఇచ్చి, బతిమాలి, బెదిరించి పోయాడు. "నేనొక్కణ్ణే గదా ఉండేది, పోతే పోతా" అన్నాడట. నేను నంద్యాల వచ్చేశాను. వాన వినిపించినప్పుడల్లా ఫోన్ తీసి చూసుకోవడం ఆ వారంలో నాకు అంటుకున్న జబ్బు.

భాద్రపదం మొదట్లో రెండు రోజులు విడవకుండా కురిసింది. మూడోనాడు పొద్దున్నే ఆమె ఫోన్ చేసింది.

"అక్కా, ఇల్లు దిగిపోయింది."

"ఆయన?"

"ఈడనే ఉండాడు. పాలు పిండుతాండాడు." మాట నిదానంగా వస్తోంది. "మా ఎనుములు ఆయన చెయ్యి తగిలితేనే పాలిస్తాయక్కా. నేను పొదుగు ముట్టుకుంటే తంతాయి. అందుకే ఆ పొద్దు ముందు ఎనుముల్ని తోలుకొచ్చినా. రెండు పూటలన్నా ఈడికి రాకతప్పదు గదా. ఇల్లు పోతే ఆ రెండు పూటల్లో ఒకదాంట్లోనే పోవాలని మొక్కుకుంటి."

ఫోన్ పెట్టేశాక నేను మంచం మీద కూర్చుని ఏడ్చాను. ఆయన బతికినందుకా, ఆమె అంత భయాన్ని అన్నాళ్లు ఎవరికీ చెప్పకుండా మోసినందుకా అంటే చెప్పలేను.

వాన తెరిపి ఇచ్చాక పోయాం. ఇల్లు పూర్తిగా కూలలేదు, అదే చూడలేకపోయాను. వాకిలి, ముందు సావిడి, ముసలామె పడుకునే గది వాగులో కలిశాయి. వెనకగోడ, దానికి తగిలించిన దేవుడి పటాలు మాత్రం పైన అలాగే నిలబడి ఉన్నాయి. ఇంకా నేలకు పరచకుండా పేర్చిపెట్టిన నాపరాళ్లు ఒడ్డు వాలున బురదలో చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఊరివాళ్లు గుంపులుగా నిలబడి చూస్తున్నారు. మేడమ్ ఇనుప మేకులు కొట్టినాకే ఒడ్డు పగిలిందని వాళ్లలో వాళ్లు అనుకుంటున్నది నాకు వినపడాలనే అంటున్నారు. ఇంటాయన నావైపు చూడలేదు. అంతమందిలో ఒకరైనా వచ్చి, మేడమ్ మా చేలో పాయింటు చూపించమని అడగలేదు. ఇన్నేళ్ల నుంచి ఆ మాట వినీ వినీ విసిగిపోయిన నాకు, వినపడకపోతే ఇలా ఉంటుందని తెలియదు.

జీపు ఎక్కబోతుంటే ఆమె పిలిచింది. కొట్టం ముందుకు తీసుకుపోయింది. అక్కడ చిన్న వాకిలి, కొత్తగా అలికింది, ముగ్గు వేసింది. ముగ్గుకు ఒక పక్కగా ఎర్రతల మేకు ఒకటి నేలలో దిగేసి ఉంది. ఒడ్డు కింద బురదలో దొరికిందట. పసుపు లేదు, కుంకుమ లేదు. చుట్టూ అరచేయి వెడల్పున నేల అలక్కుండా వదిలేసింది.

"ఈడ బాగుండాదని నువ్వు చెప్పినావు. అయినా పెట్టినా" అంది. "శుక్రారం శుక్రారం సూస్తాండా అక్కా. ముట్టుకోను."

సంచిలోంచి గుండుదారం తీశాను. మోకాళ్ల మీద కూర్చుని మేకు పక్కన వేలాడదీశాను. ఆమె నా పక్కనే వంగి చూస్తోంది. దారం ఊగి, ఊగి, ఆగింది.

"నిలువుగానే ఉంది" అన్నాను.

"మళ్లా సూడు" అంది.

మళ్లీ చూశాను.